“ఇది మీ ఊరమ్మా”

ప్రశ్న: మేం డల్లాస్ వచ్చి పదహారేళ్ళయింది. వచ్చే ఏడాది హైదరాబాద్‌లో స్థిరపడదామని మా ఆయన అంటున్నారు. తెనాలిలో మా అత్తగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, మామగారు ఒక్కరే చూసుకుంటున్నారు. వెళ్ళాలనే నాకూ ఉంది. కానీ ఏడో తరగతి చదువుతున్న మా పాప ఈ మాటెత్తితే చాలు, గది తలుపేసుకుంటోంది. “మన ఊరే కదా, అదే అలవాటవుతుంది” అంటారు మా ఆయన. నిజంగా అవుతుందా?
– ఒక తల్లి, డల్లాస్

జవాబు: అలవాటవుతుందండీ. దానంతట అది మాత్రం అవదు. మీ ఆయన అన్న మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. పన్నెండేళ్ళ కిందట న్యూజెర్సీ నుంచి కూకట్‌పల్లికి వచ్చినప్పుడు మా అబ్బాయికి పదకొండేళ్ళు. మొదటి యూనిట్ టెస్టులో సోషల్ పేపరు సగం ఖాళీగా ఇచ్చి వచ్చాడు. జవాబులన్నీ వచ్చు, రాయడం అవలేదు. అక్కడ టైపు చేయడానికీ టిక్కులు పెట్టడానికీ అలవాటుపడ్డ చెయ్యి, ఇక్కడ గంటన్నరపాటు ఆగకుండా పెన్ను పట్టాలి. ఆ రాత్రి మధ్యవేలు చూపించాడు. పెన్ను ఒరుసుకుని బొబ్బ. కొబ్బరినూనె రాస్తూ “మన ఊరే కదరా, అలవాటవుతుందిలే” అన్నాను. “ఇది మీ ఊరమ్మా” అన్నాడు.

మీకది ఇంటికి రావడం, పాపకి ఇల్లు వదలడం. డల్లాస్‌లో దిగిన మొదటి నెల మీకెలా గడిచిందో గుర్తు తెచ్చుకోండి. అప్పుడు మీరు కోరుకునే వెళ్ళారు, ఆ పిల్ల కోరుకోలేదు. అందుకే ముందు తనని ఏడవనివ్వండి. కుక్కపిల్లని కొంటాం, కొత్త ఫోను ఇస్తాం అని ఆశపెట్టకండి. “రెండేళ్ళు చూసి, నచ్చకపోతే వెనక్కి వచ్చేద్దాం” అని మీరే నమ్మని మాట అసలే చెప్పకండి. పిల్లలు ఆ మాటనే పట్టుకుని కూర్చుని ఇక్కడ స్నేహితులనే చేసుకోరు. బయల్దేరే తేదీ చెప్పి దానిమీద నిలబడండి. స్కూలూ తన గదీ తననే ఎంచుకోనివ్వండి. ఈలోగా సెలవులకి ఇక్కడికి వచ్చినప్పుడు చుట్టాల ఇళ్ళు కాస్త తగ్గించి, రెండు మూడు స్కూళ్ళకి తీసుకెళ్ళి ఒక పూట తరగతిలో కూర్చోనిమ్మని అడగండి.

రావడమంటూ జరిగితే ఎనిమిదో తరగతికే రండి. పదో తరగతి పరీక్షకు సీబీఎస్ఈ తొమ్మిదిలోనే రిజిస్టర్ చేస్తుంది. ఎనిమిదిలో చేరితే నిలదొక్కుకోడానికి ఒక ఏడాది చేతిలో ఉంటుంది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బోర్డుల స్కూళ్ళూ తెలుగు నేర్పాలి. అక్షరాల దగ్గర మొదలుపెట్టే పిల్లకి ఎలా చెప్తారో ఫీజు కట్టకముందే అడగండి. పాప ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు మీద తేదీ కూడా చూడండి. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్‌తో నీట్, జేఈఈల్లో ఓసీఐ పిల్లలు ఎన్నారై సీట్లకే పరిమితమయ్యారు. అంతకుముందే కార్డు ఉన్నవాళ్ళకి అది వర్తించదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరు కావాలనుకునే పిల్లకి ఇది చిన్న సంగతి కాదు.

ప్రశ్న: ఇండియా వచ్చేముందు 401(కె) రిటైర్మెంట్ డబ్బు తీసేయమంటున్నారు స్నేహితులు. ఎన్నారై ఖాతాలేం చేయాలి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: తొందరపడకండి. 59 ఏళ్ళ 6 నెలలు నిండకుండా తీస్తే సాధారణంగా పన్నుకి తోడు 10 శాతం జరిమానా. అక్కడే ఉంచేయొచ్చు. గత 10 ఏళ్ళలో 9 ఏళ్ళు ఎన్నారైగా ఉన్నవాళ్ళకి ఇక్కడికొచ్చాక కొంతకాలం ‘ఆర్‌ఎన్‌ఓఆర్’ హోదా ఉంటుంది. అన్నాళ్ళూ విదేశంలో వచ్చే వడ్డీ, డివిడెండ్ల మీద ఇక్కడ పన్ను పడదు. అక్కడి ఆస్తులు సర్దుకోవాలంటే ఆ గడువులోనే. ఎన్నార్‌ఈ ఖాతాని మాత్రం స్థిరపడటానికి రాగానే రెసిడెంట్ ఖాతాగానో ఆర్‌ఎఫ్‌సీ (రెసిడెంట్ ఫారిన్ కరెన్సీ) ఖాతాగానో మార్పించండి. గ్రీన్‌కార్డు ఉండి, మళ్ళీ వెళ్ళే ఆలోచన ఉంటే రీ-ఎంట్రీ పర్మిట్‌కి అమెరికాలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి. విమానం ఎక్కాక కుదరదు.

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చేస్తోంది. పై వాటా ఖాళీ చేయించాను. మాతోనే ఉండమనడం తప్పా?
– ఒక తాతగారు, గుంటూరు

జవాబు: తప్పేం లేదండీ. పై వాటా తాళం కోడలి చేతికివ్వండి. అడక్కుండా మెట్లెక్కకండి. నలుగురూ వచ్చి కూర్చున్నప్పుడు “దీనికి తెలుగు రాదు” అని మనవరాలి గురించి అనకండి, ఎంత ముద్దుగానైనా సరే. తనకి ఆ ఒక్క మాటా బాగా అర్థమవుతుంది. పొద్దున్న రైతుబజారుకి వెళ్ళేటప్పుడు సంచీ ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. బేరం మీరు చేయండి, చిల్లర లెక్క తనతో చెప్పించండి. మొదట్లో ఇంగ్లీషులో చెప్పినా పర్వాలేదు.