ఆహార కల్తీ – కొనువారి బాధ్యత

కల్తీ నేడు పుట్టిన దోషము కాదు. ధాన్యము, నూనె, ఉప్పు, ఔషధములు మున్నగువానిలో హీనవస్తువును కలిపి అమ్మువానికి 12 పణముల జరిమానా విధింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. శిక్ష వ్రాయవలసి వచ్చినదన్నచో నేరము అప్పటికే ఉన్నదని వేరుగ చెప్పనక్కరలేదు. అమ్మువానిని గూర్చి మనము తరచుగ మాటాడుకొందుము. కొనువారమైన మనలను గూర్చి ఆలోచించుట తక్కువ. ఈ పాఠమున ఆ రెండవదానినే కొంత విచారింతము.

మొదట కల్తీ యననేమో తేల్చుకొనవలెను. కాఫీపొడిలో చికోరీ కలుపుట చట్టవిరుద్ధము కాదు. పొట్లముపై ఎంత చికోరీ ఉన్నదో ప్రకటించినచో నూటికి 49 పాళ్ళవరకు కలుపవచ్చును. ఆ రుచినే కోరి కొనువారును గలరు. చెప్పక కలిపి, స్వచ్ఛమైన కాఫీ ధర పుచ్చుకొనుటయే మోసము. గాజుగ్లాసులోని చన్నీటిపై పొడిని మెల్లగ చల్లినచో కాఫీ తేలియుండును. చికోరీ గోధుమరంగు చారలు విడుచుచు క్రిందికి దిగును. తరగతిలోనే చేసి చూడదగిన ప్రయోగమిది. అట్లే మిరియములు నీటిలో మునుగును, వానిలో కలిపిన బొప్పాయి గింజలు తేలును.

పాల విషయము ఇంత తేలిక కాదు. నీరు కలిసినకొలది పాల సాంద్రత తగ్గును గనుక లాక్టోమీటరు అధికముగ మునుగును. అయితే కొవ్వు నీటికంటె తేలికయైనది. మీగడ తీసివేసినచో మిగిలిన పాల సాంద్రత పెరుగును. ఆ పెరుగుదలకు సరిపడునంత నీరు పోసినచో లాక్టోమీటరు మరల మంచిపాల గుర్తునే చూపును! ఒక మోసమును మరియొక మోసము కప్పిపుచ్చుట యిది. అందుచేతనే పాలసేకరణ కేంద్రములలో సాంద్రతతోపాటు కొవ్వు శాతమును గూడ కొలుతురు. తేనె విషయమున ఇంటిపరీక్షలకు విలువ మరియు తక్కువ. నీటిలో చుక్క వేసి చూచుట, వత్తిని ముంచి వెలిగించుట మున్నగునవి నేటి పంచదార పానకముల యెదుట నిలువవు.

ఇక పసుపు. దీనిని గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. పసుపుకొమ్ములకు మెరుగు వచ్చుటకై లెడ్ క్రోమేటు అను సీసపు రంగును పూయుట బంగ్లాదేశమున వ్యాపించెను. 1980 ప్రాంతమున వరదలచే తడిసి పంట వెలవెలబోగా, కొనువారు పచ్చని కొమ్ములనే కోరుటచే వర్తకులు ఈ మార్గము త్రొక్కిరని పరిశోధకులు గ్రహించిరి. పసుపే ప్రజల రక్తమున సీసము చేరుటకు ఒక ప్రధాన కారణమని 2019లో వెల్లడియయ్యెను. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. అది కంటికి గాని, నాలుకకు గాని తెలియునది కాదు. అంతట పత్రికలు వ్రాసెను. అంగళ్ళలో హెచ్చరిక పత్రములు అంటించిరి. అధికారులు టోకు వర్తకులకు జరిమానా వేసిరి. 2019లో అంగళ్ళనుండి తెచ్చిన నమూనాలలో నూటికి 47టియందు సీసము కనబడగా, 2021 నాటికి ఒక్కదానియందును కనబడలేదు! ఇంత త్వరగా ఒక కల్తీ తొలగుట అరుదు. మెరుపును కోరినది కొనువారే. ఆ మెరుపునకు భయపడుట నేర్చినదియు వారే.

అందరికిని ఇట్టి అదృష్టము లేదు. 1998లో ఢిల్లీయందు బ్రహ్మదండి నూనె కలిసిన ఆవనూనె వాడి అరువదిమందికి పైగా మరణించిరి. కాళ్ళు వాచి, ఊపిరి అందక, గుండె బలహీనపడెను. పొలముగట్లపై పసుపుపూలతో మొలచు ఆ ముళ్ళమొక్క గింజలు ఆవాలవలెనే ఉండును. ఆవగింజ నున్నగ నుండి, నలిపినచో లోపల పచ్చగ నుండును. బ్రహ్మదండి గింజ గరుకుగ నుండి లోపల తెల్లగ నుండును. నూనెగ మారిన పిమ్మట ఈ భేదము కంటికి దొరకదు.

మన దేశమున 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టము చేయబడెను. దాని స్థానమున 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము వచ్చి, 2011నుండి అమలులో నున్నది. ఇందలి 40వ సెక్షను చాలమంది ఎరుగరు. అధికారియే కానక్కరలేదు, కొన్న ఎవరైనను రుసుము చెల్లించి సరకును ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. సరకు ప్రమాణమునకు తగినది కాదని తేలినచో రుసుము తిరిగి వచ్చును. అయితే పరీక్షకు పంపనున్నామని కొనునప్పుడే అంగడివానికి తెలుపవలెను.

మా దృష్టిలో చిక్కంతయు ఇచటనే యున్నది. నెలసరి అప్పు పెట్టువాడు, ఇంటిలో శుభకార్యమునకు సరకులు ముందుగ నిచ్చువాడు ఆ అంగడివాడే. వానితో ఆ మాట ఎట్లందుము? అనుమానము కలిగినను సంకోచముచే ఊరకుందుము, లేక అంగడి మార్తుము. అంగడి మార్చు శక్తి యైనను లేని పేదలు ఆ సరకునే తిందురు. కావున ఒక్కరు అడుగుటకంటె వీధిలోనివారో, ఒక సంఘమువారో కలిసి అడుగుట సులభము.

భాషతో ముడిపడిన చిక్కు మరియొకటి గలదు. చట్టము ప్రకారము పొట్లముపై వివరములు ఆంగ్లమునగాని, దేవనాగరిలిపిలో హిందీయందుగాని ఉండవలెను. ఇతరభాషలు అదనముగ వేయవచ్చునే కాని నిర్బంధము లేదు. తెలుగు మాత్రమే చదువగల పెద్దలు మన యిండ్లలో నేటికిని గలరు. చికోరీ ఎంతయున్నదో, గడువు ఏనాటితో ముగియునో, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నదో లేదో వారికి చదివి వినిపించుట మన విద్యార్థులు చేయగల పని. ఆ అక్షరములు మిక్కిలి చిన్నవిగ ముద్రింతురు. భూతద్దమొకటి వంటయింట నుంచుట మేలు.