కంప్యూటర్ నిద్రపోతే ఎంత కరెంటు మిగులుతుంది? - లెక్క కట్టే విధానం



నేడు కంప్యూటర్ లేని ఆఫీసు లేదు. బ్యాంకు, తహసీల్దారు కార్యాలయం, కాలేజీ ల్యాబ్ ఎక్కడ చూసినా ఒకే నెట్‌వర్క్‌లో కలిపిన పదుల కంప్యూటర్లు కనిపిస్తాయి. పగలు అవి పనిచేస్తాయి సరే, రాత్రి సంగతి ఏమిటి? చాలాచోట్ల ఎవరూ లేని గదిలో తెల్లవార్లూ నడుస్తూనే ఉంటాయి. ఈ వృథాను తగ్గించే ఏర్పాటునే పవర్ మేనేజ్‌మెంట్ అంటారు. దాన్ని అమర్చడం నాలుగు నిమిషాల పని. దానివల్ల ఎన్ని యూనిట్లు మిగిలాయో నిజాయితీగా చెప్పడమే కష్టమైన పని. ఈ వ్యాసంలో ఆ లెక్క నేర్చుకుందాం.

మనలో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. ప్రాజెక్టు చేసుకోవాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా ల్యాబే దిక్కు. కరెంటు పొదుపు పేరుతో ల్యాబ్‌లో ఏ మార్పు జరిగినా ముందుగా తగిలేది మనకే. కాబట్టి ఈ లెక్క తెలుసుకోవడం మనకు అవసరం.

పవర్ మేనేజ్‌మెంట్ అంటే ఏమిటి?

కొంతసేపు ఎవరూ కీబోర్డు, మౌస్ ముట్టకపోతే మొదట మానిటర్, ఆ తర్వాత కంప్యూటర్ తమంతట తాము తక్కువ కరెంటు స్థితిలోకి వెళ్ళడమే పవర్ మేనేజ్‌మెంట్. 1992లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు మొదటగా ముద్ర వేసింది కంప్యూటర్లకు, మానిటర్లకే. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని తెచ్చాయి. అందులో ఎస్3 అంటే మామూలు నిద్ర. ఈ స్థితిలో ర్యామ్‌కు మాత్రం కొద్దిగా కరెంటు అందుతుంది. ఎస్4 అంటే గాఢనిద్ర. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులోకి రాసిపెట్టి కంప్యూటర్ ఆగిపోతుంది.

స్క్రీన్‌సేవర్ వేరు, నిద్ర వేరు అని గుర్తుంచుకోవాలి. పాత డబ్బా మానిటర్ల తెర మీద బొమ్మ అచ్చు పడకుండా ఉండేందుకు స్క్రీన్‌సేవర్ పుట్టింది. తెర మీద చేపలు ఈదుతున్నంత మాత్రాన కరెంటు మిగలదు.

మిగిలినదానికి మీటరు లేదు

ఖర్చయిన కరెంటును మీటరు చూపిస్తుంది. ఖర్చు కాని కరెంటును చూపించే మీటరు ప్రపంచంలో ఎక్కడా లేదు. కాబట్టి పొదుపు అనేది కొలిచి తెచ్చే సంఖ్య కాదు, రెండు సంఖ్యల మధ్య తేడా. ఏర్పాటు లేకపోతే ఎంత ఖర్చయ్యేదో మొదటిది, ఏర్పాటు తర్వాత ఎంత ఖర్చయిందో రెండవది. రెండవది కొలవవచ్చు. మొదటిది అంచనా కట్టాలి. తప్పుడు లెక్కలన్నీ ఈ మొదటి దానిలోనే దూరతాయి.

దీనికి కావలసినవి రెండు: ఒక్కో స్థితిలో కంప్యూటర్ తీసుకునే వాట్లు, ఆ స్థితిలో అది ఉన్న గంటలు. వాట్లను గంటలతో హెచ్చించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఇది మనం పదో తరగతిలో చదివినదే.

వాట్లు కొలవడం

చాలామంది కంప్యూటర్ వెనక పవర్ సప్లై మీద రాసిన 450 వాట్లను చూసి లెక్క వేస్తారు. అది తప్పు. అది పవర్ సప్లై ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి మాత్రమే. ఊరికే ఉన్న డెస్క్‌టాప్ అందులో చిన్న భాగమే తీసుకుంటుంది. వోల్టులను ఆంపియర్లతో హెచ్చించి అవే వాట్లు అనుకోవడమూ తప్పే, ఎందుకంటే పవర్ ఫ్యాక్టర్ లెక్కలోకి రాదు.

ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు దొరికితే మంచిది. దొరక్కపోయినా మార్గం ఉంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మినుకుతూ ఉంటుంది. యూనిట్‌కు ఎన్ని మినుకులో పక్కనే రాసి ఉంటుంది. అది 3200 అనుకుందాం. ల్యాబ్‌కు విడిగా మీటరు ఉంటే, మిగతావన్నీ ఆపి ఒక్క కంప్యూటర్ మాత్రం ఉంచి, 5 నిమిషాలు మినుకులు లెక్కపెట్టండి. 16 వస్తే 16ను 3200తో భాగించగా 0.005 యూనిట్. గంటలో అలాంటి 5 నిమిషాలు 12 కాబట్టి 0.06 యూనిట్, అంటే 60 వాట్లు.

నిద్రలో ఉన్న కంప్యూటర్ తీసుకునేది చాలా తక్కువ కాబట్టి ఒకదానితో లెక్క తేలదు. పదింటిని ఒకేసారి నిద్రపుచ్చి, లెక్కపెట్టి, పదితో భాగించాలి. యూపీఎస్ ఉంటే అదీ కొంత తింటుంది. కంప్యూటర్లన్నీ ఆపినప్పుడు వచ్చే మినుకులను ముందుగా లెక్కించి తీసివేయాలి. మీటరును చూస్తే చాలు, ముట్టుకోరాదు.

గంటలు లెక్కపెట్టడం

వాట్ల కంటే గంటలు కష్టం. ఇక్కడ నెట్‌వర్క్ సాయపడుతుంది. సర్వర్ నుంచి పావుగంటకు ఒకసారి ప్రతి కంప్యూటర్‌కు పింగ్ పంపితే, పలికినవి మేలుకున్నట్టు. పలకనివన్నీ నిద్రలో ఉన్నాయనుకోరాదు. అవి పూర్తిగా ఆపి ఉండవచ్చు, లేదా ఫైర్‌వాల్ జవాబును అడ్డుకుని ఉండవచ్చు. పైగా మానిటర్ సంగతి పింగ్ చెప్పదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని కంప్యూటర్లలో నెట్‌వర్క్ కార్డు అమరికను బట్టి, మనం పంపిన పిలుపే దాన్ని నిద్ర లేపుతుంది. అలాంటిచోట మన కొలతే కొలిచేదాన్ని మార్చేస్తుంది.

అందుకే కంప్యూటర్‌లోనే నిద్ర, మెలకువ సమయాలు నమోదయ్యే ఈవెంట్ లాగ్‌ను చూడటం మేలు. దానికి తోడు రెండు మూడు రాత్రులు స్వయంగా వెళ్ళి గది చుట్టూ తిరిగి లెక్కపెట్టాలి. 2000 దశకం తొలి ఏళ్ళలో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు పని వేళలు ముగిశాక ఆఫీసుల్లో తిరిగి ఇలాగే లెక్కపెట్టారు. మానిటర్లు చాలావరకు నిద్రపోతున్నా, కంప్యూటర్లలో నిద్రపోయేవి బహు కొద్ది అని వారి లెక్కలో తేలింది.

ఒక ఉదాహరణ

ఒక ల్యాబ్‌లో 40 కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. రాత్రి 16 గంటలు పని ఉండదు. ఊరికే ఉంటే 50 వాట్లు, నిద్రలో 3 వాట్లు. ఒక్కదానికి రాత్రికి మిగిలేది 47 × 16 = 752 వాట్ గంటలు, అంటే 0.752 యూనిట్. నెలకు 22 పని రోజులు.

తొందరపాటు లెక్క: 40 × 0.752 × 22 = సుమారు 662 యూనిట్లు.

ఇప్పుడు రాత్రి వెళ్ళి చూశాం. 40లో 25 కంప్యూటర్లను ల్యాబ్ అసిస్టెంట్ ముందు నుంచీ ఆపుతూనే ఉన్నాడు. మిగిలినవి 15. వాటిలోనూ మూడు నిద్రపోవడం లేదు, ఏదో ప్రోగ్రాం వాటిని మేలుకొలిపి ఉంచుతోంది. కాబట్టి నిజంగా మారినవి 12.

అసలు లెక్క: 12 × 0.752 × 22 = సుమారు 199 యూనిట్లు.

యూనిట్ 8 రూపాయలు అనుకుంటే మొదటి లెక్క నెలకు 5,294 రూపాయలు, రెండవది 1,588 రూపాయలు. రెండింటిలోనూ వాట్లు ఒకటే, గుణకారమూ సరైనదే. తేడా అంతా వెళ్ళి చూడటంలో ఉంది. మొదటి లెక్కను నమ్మితే, ఇన్నాళ్ళూ రోజూ సాయంత్రం 25 స్విచ్చులు ఆపిన మనిషి కష్టం సాఫ్ట్‌వేర్ ఖాతాలో పడిపోతుంది.

పండుగ సెలవులతో జాగ్రత్త

ఆగస్టు బిల్లును, ఏర్పాటు చేశాక వచ్చిన అక్టోబరు బిల్లును పోల్చి గొప్ప పొదుపు అన్నారనుకోండి. దసరా సెలవుల సంగతి మరచినట్టే. అదే డిసెంబరును ఏప్రిల్‌తో పోలిస్తే, ఫ్యాన్లు, ఏసీల వల్ల పొదుపు ఉన్నా కనిపించదు. అందుకే ఐపీఎంవీపీ అనే అంతర్జాతీయ కొలత విధానం, ముందు ఖర్చులో నుంచి తర్వాతి ఖర్చును తీసివేయడమే కాక, పని రోజులు, వాతావరణం వంటి మార్పులకు సవరణ కూడా చేయమంటుంది. మనకు సులువైన మార్గం ఒకటుంది. ఒకే రకమైన కంప్యూటర్లలో సగానికి ఏర్పాటు చేసి, సగాన్ని పాత పద్ధతిలోనే ఉంచి, ఒకే నెలలో రెండింటినీ పోల్చాలి. సెలవులు, ఎండలు ఇద్దరికీ సమానమే.

నష్టాన్ని కూడా రాయాలి

రాత్రి నడుస్తున్న ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే ఒక విద్యార్థి పని పోతుంది. ఉదయం కంప్యూటర్ నిద్ర లేవకపోతే ల్యాబ్ పీరియడ్‌లో పావుగంట పోతుంది. ఇవి యూనిట్లలో కనిపించవు. ఎన్నిసార్లు ఇలా జరిగిందో పొదుపు పట్టిక పక్కనే రాయాలి. వీటికి మందులూ ఉన్నాయి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశానికి రిక్వెస్ట్స్ అని జతచేస్తే నిద్రను అడ్డుకుంటున్న ప్రోగ్రాం పేరు తెలుస్తుంది. అప్‌డేట్ల కోసం రాత్రంతా మేలుకొలిపి ఉంచనక్కరలేదు. వేక్ ఆన్ ల్యాన్ ద్వారా నెట్‌వర్క్ నుంచే లేపి, పని అయ్యాక మళ్ళీ నిద్రపుచ్చవచ్చు.

ముగింపు

మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. ఏటా డిసెంబరు 14న ఇంధన పొదుపు దినోత్సవం జరుపుతారు. ఆ రోజున వ్యాసరచన పోటీలతో పాటు ఒక్క పని చేయండి. నోటుపుస్తకం పట్టుకుని మీ ల్యాబ్‌లో రాత్రి మేలుకుని ఉన్న కంప్యూటర్లను లెక్కపెట్టండి. వారం పాటు రాయండి.

మన ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ మెట్టు ఎక్కినవాళ్ళం మనం. రేపు ఏదో ఒక ఆఫీసులో కూర్చుంటాం. పెద్ద సంఖ్య రాసి మెప్పు పొందే అవకాశం మనకూ వస్తుంది. 662 రాయమన్నచోట 199 రాయగలగాలంటే ముందు ఆ 199 ఎలా వచ్చిందో మనకు తెలిసి ఉండాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ లెక్క ఇప్పటినుంచే నేర్చుకోండి.