మీ ప్రశ్న ఏమిటి?

1970లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని చాలామంది పరిశోధకులు అనుకునేవారు. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ కణితుల్లో ఆ వైరస్ డీఎన్‌ఏ కోసం వెతికారు. దొరకలేదు. ఆయన దాన్ని ఓటమిగా లెక్కవేసుకోలేదు. ‘మరైతే ఏ వైరస్?’ అని అడిగారు. పులిపిర్లు తెప్పించే పాపిలోమా వైరస్‌ల (హెచ్‌పీవీ) మీద అనుమానపడ్డారు. ఏళ్ల తరబడి వెతగ్గా 1983లో ఆయన బృందానికి హెచ్‌పీవీ-16, మరుసటి ఏడాది హెచ్‌పీవీ-18 దొరికాయి. 2006లో వాటికి టీకా వచ్చింది, 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఆయన రెండు దశాబ్దాలు నడిపిన హైడెల్‌బర్గ్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలోనూ, ఆ ఊరి యూనివర్సిటీ ఆసుపత్రిలోనూ ఇప్పటికీ పీహెచ్‌డీ పరిశోధకులను తీసుకుంటున్నారు. బెర్లిన్, ఎస్సెన్, ఫ్రైబుర్గ్, మ్యూనిక్‌లలో కూడా ఇలాంటి అవకాశాలు ఉంటాయి. బయోటెక్నాలజీలోనో బయోకెమిస్ట్రీలోనో ఎమ్మెస్సీ చేసిన మన పిల్లలు చాలామంది వీటి కోసం ప్రయత్నిస్తున్నారు. ప్రయత్నం మంచిదే. తీరు మార్చుకోవాలి.

ఎంసెట్ నాటి నుంచి మనకు తెలిసిన దారి ఒకటే: పరీక్ష, ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు. జర్మనీలో పీహెచ్‌డీ చాలా వరకు ఉద్యోగం. ఒక ప్రొఫెసర్‌కు ప్రాజెక్టు మంజూరవుతుంది, పని చేసే మనిషి కావాలి, ప్రకటన వేస్తారు. సాధారణంగా మూడేళ్ల కాంట్రాక్టు ఇస్తారు. ‘టీవీ-ఎల్ ఇ13’ అనే స్కేలులో చాలాచోట్ల 65 శాతం జీతం, అంటే కోతలకు ముందు నెలకు సుమారు మూడు వేల యూరోలు. మంచి మార్కులుంటే మీ దరఖాస్తు చదువుతారు, అంతే. ఆ తర్వాత వాళ్లు చూసేది ఒక్కటే: ఈ మనిషి ఒకే ప్రశ్నతో మూడు నాలుగేళ్లు కాపురం చేయగలడా?

ముందు ప్రాజెక్టు చదవండి

చాలామంది ప్రకటనలో మొదట జీతం, ఊరు, చివరి తేదీ చూస్తారు. మీరు ప్రాజెక్టు గురించి రాసిన నాలుగైదు వాక్యాల దగ్గర ఆగండి. ‘కీమోథెరపీకి లొంగని పాంక్రియాస్ క్యాన్సర్ కణాలు’ అని ఉంటే, అవి ఎందుకు లొంగవో మీకు తెలుసుకోవాలనిపిస్తోందా? ఆ ల్యాబ్ ఇటీవల ప్రచురించిన రెండు పేపర్లు బొమ్మలతో సహా చదవండి. ‘ఈ ఫలితం మీద నాకో సందేహం ఉంది’ అనిపించిందంటే అక్కడ మీకు పని ఉన్నట్టే. ఏమీ అనిపించకపోతే ఎంత పేరున్న ఆసుపత్రి అయినా వదిలేయండి. పేరు చూసి చేరినవాళ్లకు రెండో ఏడాది ప్రయోగాలు మొరాయించినప్పుడు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఒక్కో ల్యాబ్‌కు ఒక్కో ఉత్తరం

‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో...’ అని మొదలుపెట్టి వంద మందికి పంపిన ఈమెయిల్ మొదటి లైనులోనే దొరికిపోతుంది. ఒక పేజీ చాలు. మీరు ఏం చేశారు, అందులో మీ చేతులతో చేసింది ఎంత, వాళ్ల పనిలో మిమ్మల్ని లాగింది ఏమిటి, వస్తే మొదట ఏం చూస్తారు. ఈ నాలుగూ రాస్తే మిగతావి సీవీ చెబుతుంది. సీవీలో చేతనైనవే రాయండి. ఒక్కసారి పక్కన నిలబడి చూసిన ఫ్లో సైటోమెట్రీని ‘వచ్చు’ అని రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

సిఫారసుకు ప్రిన్సిపాల్ సంతకం కోసం తిరగొద్దు. ల్యాబ్‌లో మీ పని రోజూ చూసిన గైడ్ రాసే నాలుగు వాక్యాలకే అక్కడ విలువ.

చెడిన ప్రయోగం గురించి చెప్పండి

ఇంటర్వ్యూలో సాధారణంగా మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించి పది పదిహేను నిమిషాలు మాట్లాడమంటారు. మనవాళ్లు గెలిచిన ఫలితాలే వరసపెట్టి చూపిస్తారు. ఎదుటివాళ్లు తెలుసుకోవాలనుకునేది వేరు: ఈ కంట్రోల్ ఎందుకు పెట్టావు? ఫలితం రాకపోతే ఏం చేశావు? మళ్లీ చేస్తే ఏం మారుస్తావు? పని చేయని వెస్టర్న్ బ్లాట్ గురించి, కారణం ఎలా వెతికారో నిజాయితీగా చెప్పగలిగితే అదే మీ బలం.

ఎదురుతిరిగిన ఫలితం విలువేమిటో మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు కథ చెబుతుంది. 1940లలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా ఉన్న పిల్లలకు, లెడర్లీ ల్యాబ్‌లో సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లపు రూపాలను ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు కనిపించింది. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు బృందం అడ్డుకునే మందు, అమినోప్టెరిన్, తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రచురించిన పేపర్లో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. దాని వెనకే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. తలకిందులైన ఫలితాన్ని దాచేసి ఉంటే ఈ దారి తెరుచుకునేది కాదు.

దాచే ప్రలోభం మాత్రం అందరికీ ఉంటుంది. ఆమ్‌జెన్ కంపెనీ శాస్త్రవేత్తలు క్యాన్సర్ రంగంలో పేరుమోసిన 53 పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే ఆరింటి ఫలితాలే నిలిచాయని 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. ల్యాబ్ నోట్‌బుక్‌లో ప్రతి ప్రయోగం, ముఖ్యంగా పాడైనది, అదే రోజు రాసే అలవాటు ఇప్పటి నుంచే చేసుకోండి.

ఆసుపత్రి వేళలకు సిద్ధపడండి

యూనివర్సిటీ ఆసుపత్రి ల్యాబ్‌లో కణితి ముక్క మీ తీరిక చూసుకుని రాదు. ఆపరేషన్ ముగిశాక, పాథాలజిస్టు రోగ నిర్ధారణకు కావలసింది తీసుకున్నాక, మిగిలింది మీకు వస్తుంది. అది సాయంత్రం ఆరింటికి కూడా కావచ్చు. కణాలు బతికుండాలంటే అప్పుడే పని మొదలుపెట్టాలి. ట్యూబు మీద పేరుండదు, కోడ్ ఉంటుంది. ఆ కోడ్ వెనక పరిశోధనకు ఒప్పుకుని సంతకం చేసిన ఒక రోగి ఉంటాడు. కాబట్టి మిగిలిన కాస్త నమూనాను తొందరపాటుతో పాడుచేయడం మామూలు పొరపాటు కాదు.

ల్యాబ్‌లో ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది. వార్డులో నర్సుతో, బ్లడ్ బ్యాంకు సిబ్బందితో పనిపడితే జర్మన్ కావాలి. బయలుదేరే ముందే కాస్త నేర్చుకోండి.

మీరూ వాళ్లను అడగండి

ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే తల అడ్డంగా ఊపకండి. ప్రొఫెసర్ వైద్యుడు కూడా అయితే వార్డు, ఓపీ, ఆపరేషన్లు పోగా మీకు దొరికే సమయం తక్కువ. రోజువారీ పని ఎవరు చూస్తారో అడగండి. మూడేళ్ల తర్వాత పని మిగిలితే జీతం సంగతేమిటో అడగండి. ఏటా మీ పనిని చూసే సలహా కమిటీ ఉందా అని అడగండి. ఆ తర్వాత ల్యాబ్‌లోని పీహెచ్‌డీ వాళ్లతో విడిగా మాట్లాడండి. ముందు చేరినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడు ఎక్కడున్నారు, సెలవు అడిగితే ప్రొఫెసర్ మొహం ఎలా ఉంటుంది? ఇవి అడగడం పొగరు కాదు. మూడు నాలుగేళ్ల జీవితం పెడుతున్న మనిషికి అది బాధ్యత.

ఈ వారమే మొదలుపెట్టండి

మూడు ప్రకటనలు తీసుకోండి. ఒక్కో ల్యాబ్‌వి రెండేసి పేపర్లు చదవండి. ఒక్కోదాని కింద మీకు వచ్చిన సొంత సందేహం ఒక వాక్యంలో రాయండి. సందేహం రాని ప్రకటనను కొట్టేయండి. వచ్చినదాన్ని మీ గైడ్‌కు చూపించి, దీనికి జవాబు ఎలా వెతకాలో అరగంట వాదించండి. వాదన ముగిశాక కూడా ఆ సందేహం మిమ్మల్ని వదలకపోతే కవర్ లెటర్ మొదలుపెట్టండి. మొదటి పేరాలో రాయాల్సింది అదే.