ఇంటర్వ్యూ గదిలో పాఠం చెప్పగలరా?

ప్రశ్న: వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేశాను. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఎలా సిద్ధం కావాలి?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ, నెట్, ప్రచురణల మార్కులు ఇంటర్వ్యూ పిలుపు వరకే. ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూ మీదే. కాబట్టి ప్రచురణలు తక్కువని బెంగ పెట్టుకోకండి.

చాలామంది థీసిస్‌నే మళ్లీ మళ్లీ తిరగేస్తారు. అది చాలదు. కమిటీలోని ముగ్గురు సబ్జెక్టు నిపుణులూ మీ పరిశోధనాంశంలోనే పనిచేసినవారు కాకపోవచ్చు. మీరేం కనుక్కున్నారో, అదెందుకు ముఖ్యమో మూడు నిమిషాల్లో, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. స్నేహితుల ముందు గట్టిగా చెప్పి చూడండి.

తరగతిలోలా పాఠం చెప్పమనీ అడగవచ్చు. కిరణజన్య సంయోగక్రియ లాంటి మౌలికాంశాన్ని స్లైడ్లు లేకుండా, బోర్డు మీద బొమ్మ గీస్తూ పది నిమిషాలు చెప్పడం సాధన చేయండి. డిగ్రీ పాఠాల దగ్గర తడబడే పరిశోధకులే ఎక్కువ, నా దృష్టిలో అసలు లోపం ఇదే. ఆ విభాగం సిలబస్ చదివి, మీరు బోధించగల పేపర్లు గుర్తుపెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందురోజే సర్దుకోండి.

తెలియని ప్రశ్నకు తెలియదనే చెప్పండి. ఊహించి చెప్పిన జవాబు మీద మరో ప్రశ్న తప్పక వస్తుంది.