జవాబు చెప్పే యంత్రం – జవాబుదారీ వహించే మనిషి

జవాబు అనే మాట మన కళాశాలలోని రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు. అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా తెలుగు పల్లెలలో స్థిరపడిన ఈ మాటను నేడు ఎవరూ పరాయి మాటగా ఎంచరు. దాని వెంటనే 'జవాబుదారీ' కూడ వచ్చి చేరింది. ఈ రెండు మాటలకు నడుమ ఉన్న దూరమెంతో గత రంజాన్ మాసంలో మాకు అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది. విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును ఆ సంగతిని విన్నవించి, సమూహ సంభాషణలో పాల్గొనే 'బాట్' అనే యంత్రసేవకుని ఏర్పాటు, పోషణ విధానాలను పాఠంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మేము తెలుగు బోధించేవారము గాని కంప్యూటరు శాస్త్రజ్ఞులము కాము. అందుచేత ఈ పాఠం, నేర్చినవాడు చెప్పే పాఠం కన్న దెబ్బతిన్నవాడు చెప్పే పాఠమని గ్రహింప ప్రార్థన.

ముందుగా పదార్థ విచారణ. 'బాట్' అనేది 'రోబాట్'కు సంక్షిప్త రూపం. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకంతో ఈ పదం లోకానికి పరిచయమైనది. దానికి మూలమైన చెక్ పదానికి అర్థం మన తెలుగులోని వెట్టిచాకిరి, ఉర్దూలోని బేగారీ. మాటలకు మాట బదులిచ్చే యంత్రాలలో తొలినాటిది 'ఎలైజా'. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు దీనిని రచించి, 1966లో ఆ విషయమై వ్యాసం ప్రకటించారు. అది అడిగినవారి మాటలనే కాస్త మార్చి తిరిగి ప్రశ్నగా వేసేది. అంతకు మించి దానికి ఏమీ తెలియదు. అయినను ఆయన కార్యదర్శి దానితో సంభాషిస్తూ, ఏకాంతం కావలెనని ఆయననే గదిలోనుండి బయటకు వెళ్ళమన్నదట. యంత్రం మాటలను మనిషి ఎంత సులభంగా నమ్ముతాడో చూచి ఆయన కలవరపడ్డారు. ఈ కలవరం మన కథకు కూడ వర్తిస్తుంది.

ఒక బృందం చేసే పనిలో బాట్‌ను సభ్యునిగా కూర్చోబెట్టే పద్ధతి తరువాతి కాలానిది. గిట్‌హబ్ సంస్థ ఉద్యోగులు తమ సంభాషణ గదిలో తాము వాడుకొన్న 'హ్యూబాట్'ను 2011లో అందరికీ ఉచితంగా అందించారు. గదిలో ఒకరు ఆజ్ఞ వ్రాస్తే అది ఆ పని చేసి, ఫలితాన్ని అందరి ఎదుట చెప్పేది. ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారో తక్కినవారంతా చూస్తారు గనుక దాపరికానికి తావు లేదు. మన రాష్ట్రంలో సామాన్యునికి పరిచయమైన ఉదాహరణ 'మన మిత్ర'. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా 161 సేవలతో దీనిని ప్రారంభించింది. ఆ సంవత్సరం ఇంటర్మీడియట్ విద్యార్థులు తమ హాల్ టికెట్లను కూడ దీనినుండి పొందగలిగారు. అంత పెద్ద ఏర్పాటు వెనుక ఒక ప్రభుత్వ యంత్రాంగమే ఉన్నది. మా వెనుక ఉన్నది ఒక్క విద్యార్థి.

ఆ విద్యార్థి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా, కళాశాల టెలిగ్రామ్ గ్రూపుకు బాట్‌ను చేసిపెట్టాడు. టైంటేబుల్, ఫీజు గడువు, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కావలసిన పత్రాలు, లైబ్రరీ వేళలు – ఏది అడిగినా క్షణంలో చెప్పేది. వార్షికోత్సవ సభలో మేమే దానిని వేనోళ్ళ పొగిడాము. పరీక్షలు ముగిశాయి. అతనికి శ్రీ సిటీలో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు. బాట్ మాత్రం ఎక్కడో ఉచితంగా దొరికిన సర్వరు మీద నడుస్తూనే ఉన్నది. దానిని ఎవరు చూస్తున్నారని ఒక్కరమైనా విచారించలేదు.

రంజాన్ మాసం వచ్చింది. యథాప్రకారం కళాశాల వేళలు ముందుకు జరిగాయి. నోటీసు బోర్డు మీద తెలుగు, ఉర్దూలలో కాగితాలు అంటించాము. ఇంటర్నల్ పరీక్ష ఉదయం ఎనిమిదిన్నరకు. తొమ్మిది దాటిన తరువాత ఇద్దరు అమ్మాయిలు రొప్పుతూ గుమ్మం వద్దకు వచ్చారు. ఆ గదిలో ఇన్విజిలేటరుగా ఉన్నది మేమే. అర గంట దాటితే లోనికి రానీయరాదన్నది నియమం. "నోటీసు బోర్డు చూడలేదా?" అని కసిరి పంపివేశాము. మధ్యాహ్నం వారిలో ఒకరు స్టాఫ్ రూముకు వచ్చి, మారు మాటాడక ఫోను చూపించింది. ముందు నాటి రాత్రి ఆమె బాట్‌ను అడిగింది. అది "ఉదయం 10 గంటలకు" అని పాత వేళనే తడబాటు లేకుండ చెప్పింది. "మీరే కదా సార్, అన్నీ దీన్నే అడగమన్నారు" అన్నదా అమ్మాయి. మా వద్ద జవాబు లేదు. తరువాత కమిటీ దయతలచి వారికి మరల పరీక్ష పెట్టించిన మాట నిజమే గాని, గుమ్మం వద్ద మేము కసిరిన కసురు వెనుకకు రాలేదు.

ఆ సాయంత్రమే బాట్‌ను గ్రూపునుండి తొలగించాము. కాని విడిగా దానితో మాట్లాడేవారికి అది తప్పుడు వేళలు చెబుతూనే ఉన్నది. దానిని ఆపే తాళంచెవి మా వద్ద లేదు. పూర్వ విద్యార్థికి ఫోను చేస్తే అతడు ఓపికగా వివరించాడు; మాకే బోధపడలేదు. అందుచేత వచ్చిన ఆదివారం శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా శ్రీ సిటీకి బస్సులో ప్రయాణమైనాము.

శ్రీ సిటీని చూడని విద్యార్థుల కొరకు రెండు మాటలు. తమిళనాడు సరిహద్దున, తడకు సమీపంలో 2008లో రూపుదాల్చిన పారిశ్రామిక నగరమిది. పూర్వం చిత్తూరు జిల్లాలోనిది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటినుండి తిరుపతి జిల్లాలో చేరింది. ఇసుజు వాహనాలు, కోబెల్కో తవ్వకపు యంత్రాలు, మెట్రో రైలు పెట్టెలు, చాక్లెట్లు, ఏసీ యంత్రాలు – ఇన్ని ఇక్కడ తయారవుతున్నవి. 2013లో మొదలైన ట్రిపుల్ ఐటీ కూడ ఇక్కడనే ఉన్నది. షిఫ్టు మారే వేళ దారి పొడవున బస్సులు. వాటిలో తెలుగు, తమిళం, హిందీ కలగలసి వినబడతాయి. మన విద్యార్థులు పలువురు అక్కడికే చేరుతున్నారు గనుక, బృందాలలో పనిచేసే ఈ విద్య వారికి రేపటి అన్నమన్నా అతిశయోక్తి కాదు.

అతని గదిలో టీ త్రాగుతూ అసలు సంగతులు తెలుసుకొన్నాము. టెలిగ్రామ్‌లో బాట్‌లను పుట్టించేది 'బాట్‌ఫాదర్' అనే మరొక బాట్. దానిని అడిగి పేరు పెట్టించుకొంటే, అది కొన్ని అంకెలు, ఒక కోలను, ఆ వెనుక పొడవైన అక్షరాల వరుస గల 'టోకెన్'ను ఇస్తుంది. ఆ టోకెన్ ఎవరి చేతిలో ఉంటే బాట్ నోట వారి మాటే వస్తుంది. కావున దానిని గ్రూపులో పంచుకొనడం, ప్రోగ్రాం మధ్యలో వ్రాసి నలుగురికీ చూపడం ఇంటి తాళాన్ని వీధిలో వ్రేలాడదీయడమే. పొరపాటున బయటపడితే బాట్‌ఫాదర్‌తోనే చెప్పి రద్దు చేయించవచ్చు; పాతది ఆ క్షణమే చెల్లకపోతుంది, క్రొత్తది వస్తుంది. మేము ఆనాడు మొదట చేయించిన పని ఇదే. అంతటితో ఆ సర్వరు మీది పాత బాట్ నోరు మూతబడింది.

ఇక యాజమాన్యం. బాట్ అది పుట్టిన ఖాతాకే చెందుతుంది. వేరొకరికి బదిలీ చేసే సౌకర్యం ఉన్నది గాని, ఇచ్చే ఖాతాకు రెండంచెల రక్షణ ఉండాలి. అది పెట్టిన వెంటనే బదిలీ కుదరదు, కొన్నాళ్ళు ఆగాలి. అందువలన బదిలీ ఆ ఆదివారం జరుగలేదు. తరువాత ఫోను మీదనే ముగిసింది. ఈసారి మాకు బోధపడింది.

బాట్ వెనుక నడిచే ప్రోగ్రాం వంద వరుసలకు మించని పైథాన్ వ్రాత. గ్రూపులో వచ్చిన మాటలు దానికి రెండు విధాలుగా చేరుతాయి. ప్రోగ్రామే మాటిమాటికి వెళ్ళి 'నాకేమైనా ఉన్నవా?' అని అడగడం ఒక విధం. ఇది తపాలా కచేరికి పోయి ఉత్తరాలు తెచ్చుకొనడం వంటిది. టెలిగ్రామే తెచ్చి గుమ్మంలో ఇవ్వడం రెండవ విధం. దీనికి ఎల్లవేళలా తెరచి ఉండే చిరునామా గల సర్వరు కావలెను. మేము మొదటిదే ఎన్నుకొన్నాము. లైబ్రరీలోని పాత కంప్యూటరు దానికి చాలును. కరెంటు పోయినా, అడుగని మాటలను టెలిగ్రామ్ 24 గంటల వరకు దాచి ఉంచుతుంది. ఆ పిమ్మట వదలివేస్తుంది. ఒకే టోకెన్‌తో రెండు చోట్ల ప్రోగ్రాం నడిపితే మాత్రం రెండూ తగవులాడుకొని తప్పు చూపుతాయి. ఇంటివద్ద ప్రయోగం చేయదలచిన విద్యార్థులు వేరొక పేరుతో ప్రయోగపు బాట్‌ను చేసుకొనవలెను.

గ్రూపులో బాట్ ఉంటే మన ముచ్చట్లన్నీ వింటుందేమో అని ఒక తండ్రి మమ్ములను అడిగారు. న్యాయమైన ప్రశ్న. సహజస్థితిలో బాట్ గ్రూపులోని మాటలన్నీ చూడజాలదు. ఏటవాలు గీతతో మొదలయ్యే ఆజ్ఞలు, తనకు ఇచ్చిన బదుళ్ళు వంటివే దానికి అందుతాయి. ఈ కట్టడిని సడలించే వీలున్నది గాని మేము సడలించలేదు. ఆధార్ సంఖ్యలు, మార్కులు, కులధ్రువీకరణ పత్రాలు దాని దరికి రానీయలేదు. పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటున్నది. మన ఇంటర్మీడియట్ పిల్లలందరూ దాదాపు ఆ కోవలోనివారే.

భాష విషయం మాకు ప్రీతిపాత్రమైనది గనుక కొంచెం నిలిచి చెప్పుతాము. టెలిగ్రామ్‌లో ఆజ్ఞల పేర్లు రోమన్ లిపిలోనే ఉండాలి. వాటి ప్రక్కన వివరణ మాత్రం ఏ లిపిలోనైనా వ్రాయవచ్చు. తెలుగు కళాశాలలో తెలుగులో పిలిస్తే పలుకని సేవకుడేమిటని మాకు కొంత కోపం వచ్చింది. చివరకు ఆజ్ఞలను ప్రక్కకు పెట్టి, 'పరీక్ష', 'ఫీజు' అని తెలుగులోను, అవే మాటలు ఉర్దూ లిపిలోను వ్రాసిన మీటలను తెరమీద కనబడేటట్లు చేయించాము. వ్రేలితో తాకితే చాలును. మరొక చిక్కు: ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది, తెలుగు ఎడమనుండి కుడికి. రెండూ ఒకే వాక్యంలో పడి, నడుమ తేదీ అంకెలు వచ్చినప్పుడు చూపు తికమక పడి, తేదీ ఏ మాటకు చెందినదో తెలియకుండపోయింది. అందుచేత రెండు భాషలకు రెండు వేర్వేరు సందేశాలు పంపే నియమం పెట్టుకొన్నాము. కంటికి ఒక్క అక్షరంగా కనబడే 'స్త్రీ' కంప్యూటరు లెక్కలో ఆరు సంకేతాలు. ఒక సందేశానికి టెలిగ్రామ్ విధించిన 4096 పరిమితిలో తెలుగు నోటీసు, మనం ఊహించినదానికన్న త్వరగా నిండిపోతుంది. కార్యాలయపు గద్యాన్ని కుదించుకొనడానికి ఇదొక మంచి సాకు.

ఈ కాలపు భాషా నమూనాలను తగిలించి, ఏది అడిగినా సొంతంగా వాక్యాలు అల్లి చెప్పేటట్లు చేయరాదా అని విద్యార్థులు అడిగారు. చేయవచ్చును. కాని తెలియని తేదీని కూడ అది తెలిసినట్లే చక్కని తెలుగులో చెప్పగలదు. సాహిత్య ప్రశ్నలకు వాడుకొని తప్పులు పట్టడం మంచి అభ్యాసమే గాని, పరీక్ష వేళకు మాత్రం పట్టికలో ఉన్నది ఉన్నట్లు చదివే మందబుద్ధి సేవకుడే మేలని మా అభిప్రాయం.

ఆ పట్టిక విషయంలోనే పూర్వ విద్యార్థి మాకు ఒక ఉపాయం నేర్పినాడు. అతడు పనిచేసే చోట షిఫ్టు మారగానే బాట్ ఏ యంత్రం ఏ స్థితిలో ఉన్నదో గ్రూపులో చెబుతుంది. ప్రతి సందేశం క్రింద ఆ సంగతి నమోదు చేసినవారి పేరు, వేళ ఉంటాయట. దానిని చూచి మేము ఎక్సెల్ పట్టికలో ప్రశ్న, తెలుగు జవాబు, ఉర్దూ జవాబులతో పాటు మరి మూడు గడులు చేర్చాము: వ్రాసినవారెవరు, ఏ తేదీన, ఏ తేదీ వరకు చెల్లును. చివరి గడి లేని జవాబును ప్రోగ్రాం స్వీకరించదు. గడువు దాటిన జవాబును అది చెప్పదు. "ఈ సమాచారపు గడువు తీరినది, కార్యాలయంలో విచారించండి" అని మాత్రం అంటుంది. ఈ ఒక్క గడి గత సంవత్సరమే ఉండి ఉంటే ఆ ఇద్దరు అమ్మాయిలు గుమ్మం వద్ద నిలువవలసి వచ్చేది కాదు.

ఇప్పుడు బాట్ కళాశాల పేరిట తీసిన ఖాతాలో ఉన్నది. టోకెన్, సంకేతపదాలు, మరల మొదటినుండి నిలబెట్టే విధానం రెండు పుటల కాగితంపై తెలుగులో వ్రాసి, కవరులో ఉంచి, ప్రిన్సిపాలుగారి బీరువాలో భద్రపరచాము. ద్వితీయ సంవత్సరంవారు ఒకరు, ప్రథమ సంవత్సరంవారు ఒకరు పోషకులు. పెద్దవారు చివరి ఏడాదిలోకి రాగానే క్రింది తరగతినుండి మరొకరిని తీసుకొని నేర్పవలెను. ప్రతి శనివారం వారు ఒక తెలుగు ప్రశ్న, ఒక ఉర్దూ ప్రశ్న అడిగి చూచి, లైబ్రరీ రిజిస్టరులో సంతకం చేస్తారు. ఎవరైనా కళాశాల విడిచిపోతే టి.సి. ఇచ్చేనాడే టోకెన్ మార్పించాలని గుమాస్తాగారిని కోరాము. ఆయన నో డ్యూస్ ఫారంలో ఒక గీత అదనంగా గీసినారు. కరెంటు పోయి వచ్చినపుడు ప్రోగ్రాం తానై లేచే ఏర్పాటు కూడ జరిగింది. లైబ్రరీ కంప్యూటరుకు యూపీఎస్ బ్యాటరీ ఇప్పించవలెనని కమిటీవారికి పెట్టుకొన్న అర్జీ ఒక్కటే ఇంకను పరిశీలనలో ఉన్నది.