అతిజీర్ణ ధనుర్దోష విచారము

ధనుర్వేదము యజుర్వేదమునకు ఉపవేదమని ప్రసిద్ధి. ఇందలి స్థానకములు, ముష్టిభేదములు, లక్ష్యవేధ ప్రకారములు విద్వాంసుల దృష్టి నాకర్షించినంతగా ధనుర్దోష ప్రకరణము ఆకర్షింపలేదు. దోషములకు చెప్పబడిన ఫలములు శకునములవలె తోచుటయే ఇందుకు కారణము. ఆ ప్రకరణము వస్తుతః ప్రయోక్త దేహరక్షణమునకు సంబంధించినదని నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

క్రీ.శ. 1363 ప్రాంతమున సంకలితమైన శార్ఙ్గధరపద్ధతియందును, వాసిష్ఠ ధనుర్వేదమునందును వర్జ్య ధనుస్సుల పరిగణనము ఇంచుమించు ఒకే తీరున నున్నది. అతిజీర్ణము, అపక్వము, జ్ఞాతిఘృష్టము, దగ్ధము, సచ్ఛిద్రము, గళగ్రంథి, తలగ్రంథి మొదలగునవి అందు నిషిద్ధములు. అపక్వమైనది విరుగుననియు, అతిజీర్ణమైనది కర్కశమగుననియు, జ్ఞాతిఘృష్టము బంధుకలహమును, దగ్ధము గృహదాహమును, గ్రంథిదోషము ధనహానిని కలిగించుననియు ఫలనిర్దేశము. అగ్నిపురాణము కూడ వంకరయైన, పగిలిన, రంధ్రములు గల వింటిని ప్రశస్తముగా నంగీకరింపదు.

ఇచట ఒక శంక కలుగును. విరుగుట అపక్వమునకే చెప్పబడినది. అతిజీర్ణమునకు కర్కశత్వము మాత్రమే ఉక్తము. అట్లయిన పాతవిల్లు బిగువెక్కునే గాని భంగమునొందదనవచ్చునా? అనరాదు. కర్కశశబ్దమున కిచట మార్దవహీనమనియే అర్థము గ్రాహ్యము. వింటిని ఆకర్ణాంతము లాగునపుడు దాని వెలుపలి ముఖము సాగును, విలుకానివైపు ముఖము ఒత్తుకొనును. సాగుటకును ఒత్తిడి కోర్చుటకును కొయ్యయందు కొంత తేమయు, చెడని నారయు ఉండవలెను. ఏండ్లతరబడి ఎండిన కొయ్యలో ఆ గుణము క్షీణించును. లోపలిముఖమున వెండ్రుకవాసి ముడుతలు పుట్టి పగుళ్లగును. పురుగు తొలిచిన రంధ్రములు పైమెరుగుక్రింద దాగియుండును. ఇట్టి విల్లు చూపునకు నిర్దోషమువలెనే ఉండి, నారి ఎక్కించినపుడును నిలిచి, లాగుడు పూర్ణమైన క్షణముననే విరుగవచ్చును. ఆ క్షణమున వింటిలో నిలువయైన బలము గరిష్ఠము. విలుకాని ముఖము నారికి సమీపమున నుండును. తునకలు ఎగసి కంటికో కంఠమునకో తగులుటకు అవకాశ మధికము. కావున కర్కశత్వము భంగమునకు ప్రతియోగి కాదు, దానికి పూర్వరూపమే.

దృష్టఫలము సంభవించుచుండగా అదృష్టమును కల్పింపరాదని మీమాంసకుల న్యాయము. దీని ననుసరించి తక్కిన దోషములను కూడ పరిశీలింపవచ్చును. నిప్పు సోకిన కొయ్య బలహీనమగుట ప్రత్యక్షము. ముడి యున్నచోట నార వంగి తిరుగును గనుక భారము అచటనే కేంద్రీకృతమగును. జ్ఞాతిఘృష్టమనగా దాయాదుల చేతులలో అరిగినది. దాని నెవరు ఎంత లాగిరో, ఎన్నిమారులు బాణములేక నారిని విడిచిరో క్రొత్తగా పట్టినవానికి తెలియదు. బాణము లేనిచో అది కొనిపోవలసిన బలము వింటి బాహువులలోనే మిగిలి కొయ్యను లోలోపల చీల్చును. కలహాదులు నిషేధమునకు బలము చేకూర్చు అర్థవాదములని గ్రహించిన ప్రకరణమునకు సామంజస్యము కుదురును.

శ్రీమద్రామాయణ బాలకాండమునందలి శివధనుర్భంగము ఇచట స్మరణీయము. ఆ ధనుస్సు దేవరాతునియొద్ద న్యాసముగా నుంచబడి, జనకుని గృహమున తరతరములుగా అర్చింపబడినది. ఎనిమిది చక్రముల ఇనుపమంజూషలో దానిని సభకు తెచ్చిరి. శ్రీరాముడు నారి ఎక్కించి లాగినంతనే అది నడుమ విరిగెను. విశ్వామిత్రుడు, జనకుడు, రామలక్ష్మణులు తప్ప తక్కినవారందరు ఆ ధ్వనికి కూలిరి. పిదప పరశురాముడు, పూర్వము విష్ణుహుంకారముచే ఆ శైవధనుస్సు సడలెనని చెప్పును. ఇది శ్రీరాముని బలమును తగ్గించుట కాదు. ప్రయోక్త శక్తి వేరు, ఆయుధస్థితి వేరను వివేకము ఆదికావ్యమున కలదనుటకే ఈ ప్రసంగము.

కౌటిల్యుడు రెండవ అధికరణమున ఆయుధాగారాధ్యక్షునకు చెప్పిన విధులు ఈ వివేకమునకే అనుగుణములు. ఆయుధములను తరచు చోటు మార్చవలెను, ఎండకును గాలికిని పెట్టవలెను, వేడి, తేమ, పురుగులచే చెడుచున్నవానిని వేరొకవిధముగా భద్రపరుపవలెను. తాళ, వేణు, దారు, శృంగములతో చేసిన విండ్లను ఆతడు పేర్కొనుటచే ఈ రక్షణ వానికిని వర్తించును.

దేశాంతరమునను ఇదియే అనుభవము. క్రీ.శ. 1545లో మునిగిన మేరీ రోజ్ అను ఆంగ్లనౌక 1982లో పైకి తీయబడినది. అందు లభించిన విండ్లు 170కి పైబడినవి. వానిలో పెక్కు అఖండముగానే యున్నను, కొయ్య క్షీణించుటచే వాని పూర్వబలమును తెలియుటకు క్రొత్తగా చేసిన ప్రతికృతులే ప్రధానాధారములైనవి.

నేడు విజయదశమినాడు ఆయుధపూజకు పాతవిండ్లు వెలికివచ్చుచుండును. ప్రదర్శనశాలలయందును అవి కలవు. వానిని పూజింపవచ్చును, కొలువవచ్చును, వర్ణింపవచ్చును. నారి ఎక్కించి లాగిచూచు కుతూహలము మాత్రము తగదు. ప్రయోగము చూపవలసినచో అదే కొలతతో పక్వమైన వెదురుతో క్రొత్తవిల్లు చేయించుట శ్రేయము. విలుకాడు తన బలమునకు మించని ధనుస్సునే పట్టవలెనని శాస్త్రము. ధనుస్సునుండియు దాని బలమునకు మించినది కోరరాదనుట ఆ శాస్త్రమునకు శేషము.