టీకా డబ్బాతో ఊళ్లోకి వెళ్లే ముందు

చిరంజీవి చిట్టికి,

నీ ఉత్తరం అందింది. స్నేహితులతో కలిసి కళ్యాణదుర్గం వైపు జీవాలు కాసే ఊళ్లలో కుక్కలకూ పిల్లులకూ ఏదైనా చేయాలనుకుంటున్నారని చదివి చాలా సంతోషించాను. వెళ్లిన మొదటి ఆదివారమే పొట్టి గొలుసుతో కుక్కను కట్టేసిన ఒకాయనతో మాటామాటా పెరిగిందనీ, "మాకే బువ్వ లేదు, కుక్క కోసం వచ్చినారా" అని ఆయన తలుపేసుకున్నాడనీ రాశావు. బాధపడకు. కానీ ఆ మాటను తీసిపారేయకు. మీరు చేయబోయే పనంతా ఆ మాటకు ఏం జవాబు చెబుతారనే దాని మీదే నిలబడుతుంది.

పేదవాళ్లకు కుక్క మీద ప్రేమ ఉండదనే మాట నేను నమ్మను. పశువైద్యశాలల్లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా కళ్లకు కనబడింది వేరు. ఆ ఊళ్లలో కుక్క షోకుకు పెంచే జంతువు కాదు. రాత్రి దొడ్డి చుట్టూ తిరిగేది, తోడేలు వాసన పసిగట్టి మొదట మొరిగేది అదే. మందతో పాటు కొండకు పోతుంది, మందతో పాటు వలస పోతుంది. ఇంట్లో ఏ సంగటి వండుకుంటే అందులోనే ఒక ముద్ద దానికి. అలాంటి కుక్కకు జబ్బు చేస్తే ఆస్పత్రికి ఎందుకు తీసుకురారంటావు? ఆ రోజు కూలి పోతుంది, మంద కాసే మనిషి ఉండడు. జబ్బుపడ్డ గొర్రెనైతే ఆటోలో ఎక్కించుకుంటారు, కుక్కను ఎక్కించుకోరు. పుట్టి పదేళ్లు బతికి, ఒక్కసారి కూడా డాక్టరు చేయి తగలకుండా పోయే కుక్కలు అక్కడ ఎన్నో. కుక్కను ఆస్పత్రికి తేలేని ఊరికి ఆస్పత్రినే తీసుకెళ్లడం మీ పని. మందలించడం కాదు.

గొలుసు సంగతే చూడు. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేసి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. నువ్వన్నది తప్పు కాదు. కానీ ఆ చట్టం పేరెత్తితే తెరిచే తలుపులు కూడా మూసుకుంటాయి. "ఈ కుక్క రాత్రి కాపలా బాగా కాస్తుందా అన్నా?" అని అడిగి చూడు. పగలంతా ఎండలో కట్టేసిన కుక్క రాత్రికి సొమ్మసిల్లి పడుకుంటుందని ఆయనకు నీకంటే బాగా తెలుసు. నువ్వో పొడుగాటి తాడూ, ఒక మట్టి తొట్టీ పట్టుకెళ్లి చెట్టు నీడ చూపిస్తే ఆయనే కట్టు మారుస్తాడు.

ముందుగా వేయించాల్సింది రేబీస్ టీకా. ఇందులో రెండో మాట లేదు. మన దేశంలో ఏటా దాదాపు 5,700 మంది ఈ జబ్బుతో పోతున్నారని భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల అంచనా. ప్రపంచంలో ఈ జబ్బుతో పోయేవాళ్లలో నూటికి నలభై మంది పదిహేనేళ్ల లోపు పిల్లలే. లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా మందు లేదు. ఊళ్లో ఒక్క వెర్రికుక్క తిరిగిందంటే భయంతో జనం కర్రలు పట్టుకుని కనిపించిన కుక్కనల్లా కొడతారు. అందుకే కుక్కల ప్రాణం కాపాడాలన్నా మొదటి పని ఈ టీకానే.

మూడు నెలలు నిండిన ప్రతి కుక్కకూ వేయించాలి, ఏటా మళ్లీ వేయించాలి. ఊళ్లో నూటికి డెబ్బై కుక్కలకు పడితే జబ్బు ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకే దారి తెగిపోతుంది. గోవాలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లూ ప్రభుత్వమూ కలిసి ఏటేటా ఇంటింటికీ తిరిగి ఇదే పని చేశారు. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబీస్ అదుపులోకి వచ్చిన ప్రాంతంగా ప్రకటించే నాటికి అక్కడ మూడేళ్లుగా రేబీస్‌తో ఒక్క మనిషీ చనిపోలేదు.

తేదీ కోసం వెతుక్కోనక్కర్లేదు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు మొదటి రేబీస్ టీకా వేయించాడు. ఆ రోజునే జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినంగా జరిపి మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఎండాకాలంలో మేత కోసం దూరం పోయిన మందలు వానలు పడి ఊరి చుట్టూ పచ్చిక మొలిచాక తిరిగొస్తాయి కదా, ఆ సమయానికి ఈ తేదీ సరిగ్గా సరిపోతుంది. పగలు పది గంటలకు వెళ్తే కుక్కలు కొండ మీదుంటాయి. తెల్లవారి మంద కదలకముందే వెళ్లండి, లేదా సాయంత్రం దొడ్డి మూసేవేళకు. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. గడ్డకట్టినా పనికిరాదు, వేడెక్కినా పనికిరాదు. ఐస్ డబ్బా బాధ్యత ఒకరికే అప్పజెప్పు, వేరే పని వాళ్లకు చెప్పకు.

సూది డాక్టరు గారో, పశు సంవర్ధక సహాయకుడో వేయాలి. మీరు వేయకూడదు. మీరు పట్టుకోవాల్సింది పుస్తకం. ఇంటాయన పేరు, కుక్క పేరు, రంగు, ఆడో మగో, తేదీ రాసుకోండి. "నల్లోడు", "టైగరు" అని పేరు అడిగి రాస్తుంటే ఇంటి పిల్లలు చుట్టూ మూగుతారు. అప్పుడు చెప్పండి వాళ్లకు, కుక్క కరిస్తే కారం, సున్నం పూయకూడదని, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలని. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయం పెద్దవాళ్లలో ఇంకా పోలేదు. అది పాతకాలం టీకా, ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు సర్కారు ఆస్పత్రిలో చర్మంలోకి ఇచ్చే టీకాకు మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో వెళ్తే సరిపోతుంది. గాయం లోతుగా ఉంటే గాయంలోకి ఇంకో మందు ఎక్కిస్తారు. దాన్ని అడిగి మరీ వేయించుకోమను.

ఇంకొకటి తప్పకుండా చెప్పు. దవడ జారిపోయి చొంగ కారుస్తూ, మొరగలేక గొంతు మారిపోయిన కుక్కను చూసి "గొంతులో ఎముక అడ్డం పడింది" అనుకుని నోట్లో చేయి పెడతారు. రేబీస్‌లో దవడ పడిపోతే అచ్చం అలాగే ఉంటుంది. ఆవు రంకెలు వేస్తూ చొంగ కార్చినా ఇదే పొరపాటు జరుగుతుంది. చేయి పెట్టకుండా డాక్టరుకు ఫోన్ చేయమను. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది, ఆ అంకెలు ప్రతి ఇంటి తలుపు మీద సుద్దతో రాసిరండి.

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను, ఆ తలుపేసుకున్నాయన చేత తలుపు తెరిపించేది ఇదే. గొర్రె తల ఒకవైపు వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి తిరిగి చివరకు కూలబడే జబ్బు కాపరులందరికీ తెలుసు. ఎక్కడి నుంచి వస్తుందో చాలామందికి తెలియదు. అది కుక్క కడుపులోని బద్దెపురుగు నుంచి వస్తుంది. అలా పోయిన గొర్రెను కోసినప్పుడు తలకాయ పగలగొట్టి కుక్కకు వేస్తారు. మెదడులో ఉండే నీటితిత్తిని కుక్క తింటుంది, దాని పేగుల్లో పురుగు పెరుగుతుంది, పెంటలో గుడ్లు పడతాయి, ఆ గుడ్లున్న పచ్చిక మేసిన గొర్రె మెదడులో మళ్లీ తిత్తి పుడుతుంది. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో కనిపించే నీటిబుగ్గల కథా ఇంచుమించు ఇదే. ఆ బుగ్గలు మనుషులకూ వస్తాయి. కుక్కను నిమిరి చేయి కడుక్కోకుండా బువ్వ తినే పిల్లవాడికి పెద్దయ్యాక కాలేయంలో గడ్డ తేలే ప్రమాదం ఉంది. మన రాయలసీమ ఆస్పత్రుల్లో సర్జన్లకు ఈ ఆపరేషన్లు కొత్త కాదు.

కుక్కకు డాక్టరు చెప్పిన మోతాదులో ప్రాజిక్వాంటెల్ బిళ్ల మూడు నెలలకోసారి సంగటి ముద్దలో పెట్టి మింగిస్తే, తలకాయనూ నీటిబుగ్గలున్న కాలేయాన్నీ పచ్చిగా వేయకుండా పూడ్చిపెడితే, ఆ చక్రం ఆగుతుంది. ఒక గొర్రె చస్తే ఆ ఇంటికి ఎన్ని వేల నష్టమో నీకు తెలుసు. ఒక్కసారి కోసిన గొర్రె పక్కన నిలబడి ఆ నీటిబుగ్గను కాపరికే చూపించమని డాక్టరు గారిని అడుగు. కుక్కకు పురుగుమందు వేయడం దాని మీద దయతో చేసే ఖర్చు కాదనీ, మంద బాగు కోసమేననీ ఆయనకు అప్పుడు అర్థమవుతుంది. మరుసటి విడతకు కుక్కను ఆయనే పట్టుకొస్తాడు. "మాకే బువ్వ లేదు" అన్న మాటకు నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే.

పిడుదులూ గజ్జీ ఇంటింటా ఉంటాయి. పంటకు కొట్టగా మిగిలిన పురుగుమందు కుక్క ఒంటికి పూసే అలవాటు చాలాచోట్ల ఉంది. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, విషమెక్కి వణుకుతూ చచ్చిపోతుంది. దాన్ని మాన్పించండి, బదులుగా వాడాల్సింది డాక్టరు గారి చేత చెప్పించండి. మీరు కూడా మెడికల్ షాపు వైద్యం చేయకండి. జ్వరమొచ్చిందని పిల్లికి పారాసెటమాల్ వేస్తే ఒక్క బిళ్లే దాని ప్రాణం తీస్తుంది.

ఊరి బయట కంపచెట్ల కింద వదిలేసిన కూనల గురించి రాశావు. చూశావా, దాదాపు అన్నీ ఆడవే అయ్యుంటాయి. మగపిల్లలను తలా ఒకటి పట్టుకుపోతారు, ఆడది మిగిలిపోతుంది. కుక్క రెండు నెలలు మోసి ఈనుతుంది, ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, కాబట్టి మీరెన్ని కూనలను ఏరుకొచ్చినా వెనకాల ఇంకో ఈత సిద్ధంగా ఉంటుంది. ఆడకుక్కకు ఆపరేషన్ చేయించడమే దారి. ఇంటి కుక్కైతే యజమాని ఒప్పుకోలుతో జిల్లా కేంద్రం ఆస్పత్రికి మీరే బండి మాట్లాడి తీసుకెళ్లి, కుట్లు మానేదాకా చూసి, ఆ ఇంట్లోనే దించండి. వీధికుక్కల ఆపరేషన్లు 2023 నిబంధనల ప్రకారం స్థానిక సంస్థ బాధ్యత. గుర్తింపున్న సంస్థే చేయాలి, పట్టిన చోటే తిరిగి వదలాలి. పంచాయతీకి అర్జీ పెట్టించండి. అంతేగానీ బడి వరండాలో శిబిరం పెట్టి కోతలు కోయించే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి.

షెల్టర్ కడతామన్నావు. వద్దు. కనీసం ఈ రెండు మూడేళ్లు వద్దు. గేటు పెట్టిన మర్నాటి నుంచే కూనలను తెచ్చి దాని ముందు వదిలేస్తారు. పార్వో వైరస్ సోకిన కూన ఒక్కటి వస్తే గదిలో ఉన్నవన్నీ పోతాయి. మీకు చదువులున్నాయి, ఉద్యోగాలకు పోతారు, ఆ తర్వాత వాటికి ఎవరు దిక్కు? బస్తాల కొద్దీ కుక్క మేత కొనడమూ అంతే. పిల్లలకు గుడ్డు దొరకని వీధిలో కుక్కలకు ప్యాకెట్ విప్పితే చూసేవాళ్లకు కడుపు మండుతుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ డబ్బుతో నులిపురుగుల బిళ్లలు కొనండి. ఇళ్ల ఫోటోలు ఫోన్లో పెట్టడం కూడా మానేయండి. ఆ గుడిసె వాళ్ల గౌరవం.

చివరగా, ఇది నా ఆజ్ఞే అనుకో. కుక్కలను పట్టుకునే పనిలోకి దిగేవాళ్లు కాటు పడకముందే రేబీస్ టీకా వేయించుకోవాలి. మొదటి రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 21 లేదా 28వ రోజు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును కలిసి అడగండి. అక్కడ కుదరకపోతే బయట కొనుక్కోండి, మీరంతా వేయించుకోవడానికయ్యే ఖర్చు నేను పంపుతాను. మూడు సూదులూ పూర్తయ్యేదాకా మీలో ఎవ్వరూ ఏ కుక్క మెడా పట్టడానికి వీల్లేదు. ఇంటి యజమాని పట్టుకుంటే పక్కన నిలబడి పుస్తకం రాసుకోండి, అంతే. మీ అందరి టీకా చీటీలూ ఫోటో తీసి నాకు పంపు. అవి అందగానే ఆ మండలం పశువైద్యశాల డాక్టరు గారికి నేనే ఫోన్ చేసి మీ సంగతి చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దనాయన